కొలోన్ గోపురంపై క్రేను

జర్మనీలోని కొలోన్ నగరానికి దాదాపు 400 ఏళ్లపాటు ఆనవాలుగా నిలిచింది కేథడ్రల్ శిఖరం కాదు, సగంలో ఆగిన దక్షిణ గోపురంమీద మిగిలిపోయిన చెక్క క్రేను. పెద్ద చక్రంలోపల మనుషులు నడుస్తూ ఉంటే తాడు చుట్టుకొని రాయిని పైకి లేపే ఆ యంత్రాన్ని, 15వ శతాబ్దంలో గోపురం పని నిలిచాక కూడా ఎవరూ దించలేదు. హాన్స్ మెమ్లింగ్ 1489 నాటి సెయింట్ ఉర్సులా అస్థికల పేటికపై ఆ నగరాన్ని చిత్రించినప్పుడు దాన్నీ వదలలేదు.

1164లో మిలన్ నుంచి తెచ్చిన, బైబిల్లోని ముగ్గురు జ్ఞానులవిగా భావించే అస్థికల కోసం యాత్రికులు తరలివచ్చే ఈ ఊళ్లో, 1248 ఆగస్టు 15న ఆర్చిబిషప్ కొన్రాడ్ కొత్త కేథడ్రల్‌కు, అంటే బిషప్ పీఠముండే చర్చికి, శంకుస్థాపన చేశాడు. కోసుగా కలిసే కమానులు కప్పు బరువును స్తంభాలమీదికి దించగా, పక్కలకు నెట్టే బలాన్ని ఫ్లయింగ్ బట్రెస్‌లనే బయటి అర్ధకమానులు ఆపడంవల్ల, గోడలకు బదులు ఎత్తయిన రంగుటద్దాల కిటికీలు పెట్టే వీలు కలిగింది. అర్చకులు కూర్చొనే తూర్పు భాగం 1322లో ప్రతిష్ఠ అయినా, 1560 నాటికి నిర్మాణం పూర్తిగా ఆగింది.

తరువాతి రెండున్నర శతాబ్దాలను దాటేయవచ్చు గానీ, 1814ను దాటలేము. ముఖభాగానికి మధ్యయుగ శిల్పులు తోలుపై గీసిన సుమారు 4 మీటర్ల నమూనాలో ఒక సగం ఆ ఏడాది డార్మ్‌స్టాట్‌లో వాస్తుశిల్పి గేయోర్గ్ మోలర్ కంటబడింది. రెండో సగం 1816లో పారిస్‌లో కళాఖండాల సేకర్త జుల్పిట్స్ బోయిస్సెరేకు దొరికింది. గీసినవాళ్లు పోయి శతాబ్దాలు గడిచినా, వాళ్ల కొలతలే మళ్లీ పని నడిపించడం నిర్మాణ చరిత్రలో అరుదైన ఘనత. 1842లో ప్రష్యా రాజు నాలుగో ఫ్రీడ్రిఖ్ విల్‌హెల్మ్ కొత్త శంకుస్థాపన చేయగా, పౌర సంఘం చందాలు పోగుచేసింది, వాస్తుశిల్పి త్స్విర్నర్ పనిని ముందుకు నడిపాడు. పైకప్పుకు మాత్రం పాత పద్ధతి చెక్కకు బదులు ఇనుప దూలాలు వాడారు.

పూర్తి చేయాలన్న ఆ ఉత్సాహంలోనే పోయినవీ ఉన్నాయి. తూర్పున కేథడ్రల్‌ను ఆనుకొని ఉన్న మరియా ఆద్ గ్రాదుస్ చర్చిని 1817లోనే కూల్చారు, చుట్టూ ఇళ్లు తొలగించారు, 1868లో క్రేనునూ దించారు. కట్టడాన్ని ఒంటరిగా నిలిపితేనే గొప్పగా కనిపిస్తుందన్నది 19వ శతాబ్దపు అభిరుచి. ఊరి జనం మధ్య పెరిగిన చర్చికి అది అన్యాయమే చేసింది. 1880లో 157 మీటర్ల గోపురాలు పూర్తయి, వాషింగ్టన్ స్మారకం 1884లో దాటేదాకా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడంగా నిలిచాయి.