కంప్యూటరు ఎస్.ఎం.పి.ఎస్. వేడెక్కడం

గోడ సాకెట్ నుండి వచ్చే ఏకాంతర విద్యుత్తును డెస్క్‌టాప్ కంప్యూటరు భాగాలకు అవసరమైన తక్కువ వోల్టేజి గల ఏకముఖ విద్యుత్తుగా మార్చే పరికరాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై అనే పేరుకు ఇవి పొడి అక్షరాలు. వాడుకలో సీపీయూ అని పిలిచే క్యాబినెట్ వెనుక భాగంలో, పైన గాని కింద గాని ఇది అమర్చి ఉంటుంది. పనిచేసేటప్పుడు కొంత వేడెక్కడం దీనికి సహజం. వేడి హద్దు మీరితే కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతుంది. మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు వంటివి దెబ్బతిని, దాచుకున్న సమాచారం పోయే ప్రమాదం కూడా ఉంది.

వేడి పుట్టే విధానం

తీసుకున్న విద్యుత్తును ఏ ఎస్.ఎం.పి.ఎస్. కూడా పూర్తిగా భాగాలకు అందించలేదు. 300 వాట్లు అందించే పరికరం దక్షత 80 శాతం అయితే, అది గోడ నుండి 375 వాట్లు తీసుకుంటుంది. తేడాగా ఉన్న 75 వాట్లు వేడిగా మారుతాయి. దక్షత 70 శాతమే అయితే ఈ వేడి సుమారు 129 వాట్లకు చేరుతుంది. మంచి దక్షత గల పరికరాలను గుర్తించడానికి 2004లో 80 ప్లస్ అనే ధ్రువీకరణ మొదలైంది.

లోపల ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు వేడి ప్రధాన శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే వీటి జీవితకాలం దాదాపు సగానికి తగ్గుతుంది.

కారణాలు

* ఫ్యాను ఆగిపోవడం లేదా అరిగి నెమ్మదించడం
* గాలి రంధ్రాలలో దుమ్ము పేరుకోవడం
* క్యాబినెట్‌ను గోడకు ఆనించడం, మూసిన బల్ల అరలో ఉంచడం
* శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు వంటివి చేర్చినందువల్ల భారం ఎక్కువ కావడం
* గది ఉష్ణోగ్రత. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటినపుడు లోపలికి చేరే గాలే వేడిగా ఉంటుంది.

పరిశీలించే పద్ధతి

ప్రాసెసరు వేడెక్కినా కంప్యూటరు ఇదే విధంగా ఆగిపోతుంది. కాబట్టి ముందుగా బయాస్‌లో ప్రాసెసరు ఉష్ణోగ్రతను చూడాలి. అది మామూలుగా ఉండి, వెనుక నుండి వచ్చే గాలి మాత్రం బాగా వేడిగా ఉంటే ఎస్.ఎం.పి.ఎస్.ను అనుమానించాలి. గాలి అసలు రాకపోతే ఫ్యాను ఆగిందని భావించవచ్చు. అయితే కొన్ని కొత్త నమూనాలలో భారం తక్కువగా ఉన్నపుడు ఫ్యాను తిరగదు. అది లోపం కాదు.

తరువాత కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, చల్లారిన పిమ్మట గాలి రంధ్రాలలోని దుమ్మును బయటి నుండే బ్లోయరుతో తొలగించాలి. క్యాబినెట్ చుట్టూ గాలి ఆడే చోటు ఉంచాలి. అప్పటికీ తగ్గకపోతే భాగాలు వాడుకునే మొత్తం వాట్లను పెట్టెపై ముద్రించిన సామర్థ్యంతో పోల్చాలి.

బయాస్‌లో వోల్టేజీలు కూడా కనిపిస్తాయి. 12 వోల్టుల తీగలో 11.4 నుండి 12.6 వరకు, 5 వోల్టుల తీగలో 4.75 నుండి 5.25 వరకు ఉండవచ్చు. ఈ హద్దులు దాటితే మల్టీమీటరుతో సరిచూసుకోవాలి. బాగున్నదని తెలిసిన మరొక ఎస్.ఎం.పి.ఎస్.ను తగిలించి చూడటం అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష.

హెచ్చరిక

ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను విప్పరాదు. 230 వోల్టుల సరఫరా నుండి లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా విద్యుదావేశం చేరుతుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు నిలిచి ఉండి, ప్రాణాపాయం కలిగించగలదు. కాలిన వాసన గాని పొగ గాని వస్తే గోడ వద్దనే స్విచ్ ఆపాలి, తిరిగి వేసి చూడరాదు. అటువంటి పెట్టెను మరమ్మతు చేయించడం కన్నా తగిన సామర్థ్యం గల కొత్తదానిని అమర్చుకోవడం క్షేమం.

ఇవి కూడా చూడండి

* కెపాసిటరు
* మదర్‌బోర్డు
* యూపీఎస్