మన సీమలో విశ్వాసం మోసిన ఉపదేశులు

ఈ శతాబ్ది సంచికకు ఒక వ్యాసం వ్రాయమని సంపాదక వర్గంవారు అడిగినప్పుడు, దేవాలయాల నిర్మాణం గూర్చియో, మనకు సేవచేసిన గురువుల జీవితాలను గూర్చియో వ్రాయవచ్చు ననుకొన్నాను. కాని ఆ పని నాకంటె బాగా చేయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను బడిపంతులుగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఇంచుమించు ముప్పైయేండ్లు తిరిగినవాడిని. ఈ మూడు పాత తాలూకాలలో ఏ పల్లెలోనైనా ముసలివాళ్ళను "మీ ఇంటికి విశ్వాసం తెచ్చినదెవరు?" అని అడిగితే మొదట ఒక తెల్లదొర గురువు పేరు చెబుతారు. కొంచెం సేపు కూర్చొని, మజ్జిగ తాగి లేచే వేళకు ఇంకొక మాట వస్తుంది. "ఆ సామి వచ్చింది తర్వాత లే నాయనా. ముందు మా వాళ్ళకు జపాలు నేర్పింది ఫలానా ఉపదేశి." ఆ ఫలానా వ్యక్తిని గూర్చియే నా వ్యాసం.

శతాబ్దులనూ, స్వర్ణోత్సవాలనూ మనం గురువుల రాకతోనూ, పీఠాల స్థాపనతోనూ లెక్కిస్తాము. అది తప్పుకాదు. నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది. దాని నుండి కడప, చిత్తూరు జిల్లాలు వేరై కడప మేత్రాసనం 1976 అక్టోబరు 19న వెలసింది. అయితే ఈ లెక్కకు అందని కాలం ఒకటి వెనుక ఉన్నది. పులివెందుల నుండి కదిరి దారి పట్టి పోతే ఆ కాలపు ఊళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి.

18వ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఫ్రెంచి యేసుసభ గురువులు పుదుచ్చేరి నుండి బయలుదేరి పుంగనూరు, చిక్కబళ్ళాపురం, కృష్ణాపురం వంటి చోట్ల మఠాలు పెట్టుకొన్నారు. దానినే కర్ణాటక మిషన్ అన్నారు. వారు కాషాయం కట్టి, మాంసం విడిచి, సన్యాసుల వలె బ్రతికారు. లె గాక్, కల్మెట్, కేర్దూ మొదలైనవారి పేర్లు చరిత్రలో నిలిచాయి. కల్మెట్ మన దేశపు వేదగ్రంథాలను సంపాదించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో చుట్టరికమున్నదని 1767లో వ్రాసి పంపిన కేర్దూ తెలుగు కూడ బాగా నేర్చినవాడు. వీరు గొప్ప పండితులు, సందేహం లేదు. కాని ఇంత పెద్ద సీమలో ఏ కాలమందైనా వారి సంఖ్య వేళ్ళమీద లెక్కపెట్టదగినంతే. బండి బాటలు తప్ప రోడ్డులేని రోజులలో, నవాబులూ పాళెగాండ్రూ మరాఠాలూ ఒకరి మీద ఒకరు పడుతున్న రోజులలో, ఈ కొద్దిమంది అన్ని పల్లెలకు ఎట్లా చేరగలరు?

చేరింది ఉపదేశులు. గురువు రాకముందే ఉపదేశి ఊళ్ళోకి పోయేవాడు. చెవిపెట్టిన నలుగురికి పరలోక జపము, మంగళవార్త జపము, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు నోటికి నేర్పేవాడు. నెలల తరబడి నేర్పిన తర్వాత గురువు వచ్చి పరీక్షించి జ్ఞానస్నానం ఇచ్చేవాడు. పసిబిడ్డ చావుబ్రతుకుల్లో ఉంటే ఉపదేశే నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇచ్చేవాడు. అట్టి అవసరంలో ఎవరైనా ఈ పని చేయవచ్చునని శ్రీసభ నియమం. నేటికీ అదే నియమం. గురువుల ఉత్తరాలు ఫ్రాన్సులో సంపుటాలుగా అచ్చయినాయి. వాటిలో దర్బారుల వర్ణనలున్నవి, బ్రాహ్మణులతో జరిగిన వాదాలున్నవి. ఉపదేశి మాట వచ్చేసరికి తరచు నా ఉపదేశి అని మాత్రమే ఉంటుంది, పేరుండదు.

పేరు ఎవరికి మిగిలిందో కూడ చూడండి. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తుచరిత్రను తెలుగు పద్యాలలో 'వేదాంత రసాయనము' అను పేర రచించి, క్రైస్తవుడైన దాసయామాత్యునికి అంకితమిచ్చాడు. అమాత్యుని పేరు మన సాహిత్య చరిత్రలో ఉంది. అదీ గృహస్థుని సేవే, కాదనను. కవిని పోషించడం కూడ ఒక వరమే. అయితే రాత్రిపూట కాగడా పట్టుకొని మాలపల్లెకు నడిచిన వాడికి పద్యం వ్రాసినవారు లేరు.

మాలపల్లె మాట ఊరకే అనలేదు. ఆనాటి మిషన్ కులం గోడలను కూల్చలేదు, వాటి పక్కనే నడిచింది. 1704లో పోపుగారి ప్రతినిధి టూర్నాన్ పుదుచ్చేరిలో ఇచ్చిన శాసనంలో, అంటరానివారనబడిన వారి ఇండ్లకు గురువులు వెళ్ళి రోగులకు దివ్యసంస్కారాలు ఇవ్వాలన్న షరతు ఉంది. అంతకుముందు వెళ్ళేవారు కారన్నమాట. 1744లో పోపు పదునాల్గవ బెనెడిక్టు తీర్పు ఇచ్చేవరకు ఆ తగవు నలుగుతూనే ఉండింది, ఆపైనా పూర్తిగా తీరలేదు. గురువు గడప దాటని ఇంట్లో రోగి తలాపున కూర్చున్నదెవరు? అది ఉపదేశి గాక మరెవరై ఉంటారు అని నా అభిప్రాయం.

ఆ రోజులలోనే మన దక్షిణాన, తిరువాన్కూరు దేశంలో, దేవసహాయం పిళ్ళై 1745లో జ్ఞానస్నానం పొంది, అన్ని కులాలవారితో కలిసి మెలిగి, 1752లో కాల్చి చంపబడ్డాడు. గురువు కాడు, పెండ్లాడిన గృహస్థుడు. 2022 మే 15న ఆయనను పునీతుడుగా ప్రకటించారు. మన దేశపు గృహస్థులలో ఆ గౌరవం మొదట పొందినవాడు ఆయనే.

ఇక అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1773లో పోపుగారు యేసుసభను రద్దుచేశారు. మన వైపు ఉన్న కొద్దిమంది గురువులు ముసలివారై ఒక్కొక్కరే తగ్గిపోయారు. వారి స్థానంలో 1776 నుండి పారిసు విదేశీ మిషన్ గురువులు బాధ్యత తీసుకొన్నా, వారి సంఖ్య చాలలేదు. హైదరాలీ 1779లో కడప నవాబును ఓడించాడు. 1791-92లో కరువు. 1800లో ఈ సీమ కుంపిణీవారి చేతికి వచ్చేదాకా నెమ్మది లేదు. ఇట్టి కాలంలో ఎన్నో పల్లెలు ఏండ్ల తరబడి పూజ చూడలేదు. జపాన్ దేశంలో రెండువందల ఏండ్లకు పైగా గురువులు లేకుండానే దాగి బ్రతికిన విశ్వాసులు 1865లో నాగసాకిలో బయటపడ్డారని చదివి ఆశ్చర్యపోతాము. కొరియాలో 1784లో శ్రీసభకు పునాది వేసినది గృహస్థులే నని చదువుతాము. మన తాతముత్తాతల కథ అంత పొడుగుది కాకపోవచ్చు గాని, ఆ జాతిదే.

కరువులకూ దండయాత్రలకూ తాళలేక అనంతపురం సీమ విశ్వాస కుటుంబాలు కొన్ని 18వ శతాబ్దంలోనే బండ్లు కట్టుకొని తూర్పుకు, గుంటూరు సీమకు తరలిపోయాయి. ఫిరంగిపురం, ఓలేరు వంటి ఊళ్ళు అట్లా విశ్వాసపు ఊళ్ళయినాయి. వాళ్ళు బండ్లలో విత్తనాలు వేసుకొన్నారు, గొర్రు నాగలి వేసుకొన్నారు. జపాలను మాత్రం నాలుక మీద మోసుకుపోయారు. ఇవి ఇంట్లో ఆడవాళ్ళు సాయంకాలం దీపం పెట్టి పిల్లల చేత చెప్పించినవి.

ఆ ఆడవాళ్ళలో ఒకరి పేరు మనకు మిగిలింది. 1822లో ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మ. పెండ్లాడి మద్రాసు దగ్గరి కీలచ్చేరిలో కాపురం ఉండి, భర్త ఇన్నయ్య పోయిన తర్వాత, 1863లో ఆ ఊళ్ళో ఆడపిల్లలకు బడి తెరిచింది. అణగారిన కులాల పిల్లలను ఆ బడికి రానిచ్చింది. ఆ కాలంలో ఒక పెద్దింటి వితంతువు ఈ పని చేయడమంటే సొంత బంధువులతోనే పోరాటం. ఆ బడి నుండే పునీత అన్నమ్మగారి పేర కన్యాస్త్రీల సభలు పుట్టాయి. ఆమె 1874లో కన్నుమూసింది; 2014లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలుగా గుర్తించింది. ఆమె మఠంలో పెరిగిన మనిషి కాదు, పిల్లలను కన్న తల్లి.

మిల్‌హిల్ గురువులు 1875 తర్వాత మన తెలుగు జిల్లాలకు వచ్చిన కథ మీలో చాలామందికి తెలుసు గనుక విడిచిపెడుతున్నాను. జమ్మలమడుగు పేరెత్తితే చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది లండన్ మిషన్ వారి క్యాంబెల్ ఆసుపత్రి. అది మన సోదర సంఘంవారిది. వారిలో కూడ ఇంటింటికి నడిచినవాళ్ళు బైబిలు స్త్రీలని పిలువబడిన సామాన్య స్త్రీలే. ఈ విషయంలో మనకూ వారికీ భేదం లేదు.

ఇప్పుడు నా సొంత మాట ఒకటి చెప్పాలి. ఇది చెప్పకుండా పై చరిత్ర అంతా చెప్పడం న్యాయం కాదు.

మా ఊరు పెన్న ఒడ్డున. నా చిన్నతనంలో, 1950ల చివర, విచారణ గురువు నెలకొకసారి వచ్చేవారు. ఏరు పొంగితే అదీ లేదు. ప్రతి ఆదివారం వచ్చినది ఉపదేశి. పొరుగూరి మాదిగపల్లెలో పుట్టినవాడు. మొదట నడిచి, తర్వాత ఒక పాత సైకిలు మీద. మాకు ప్రశ్నోత్తరాల సత్యోపదేశం నేర్పింది ఆయనే. మా అవ్వకు అక్షరం రాదు, కాని జపమాల దేవరహస్యాలన్నీ తప్పు లేకుండా చెప్పేది. అదీ ఆయన నేర్పిందే. అయినా మా ఇంట్లో ఆయనను వసారాలోనే కూర్చోబెట్టేవాళ్ళు. ఆయన నీళ్ళు తాగే లోటా చూరులో వేరుగా ఉండేది. ఆయన ఒక్కసారైనా దాన్ని గూర్చి మాట్లాడగా నేను వినలేదు. మేమూ మాట్లాడలేదు.

ఆయన 1980ల నడుమ పోయాడు. అప్పటి గురువుగారు నన్ను పిలిచి, ఆ పల్లెలో వారానికొక సాయంకాలం జపం చేయించి పిల్లలకు ఉపదేశం చెప్పమన్నారు. నేను "నాకు ఆ వరం లేదు స్వామీ" అన్నాను. బడిలో రోజుకు ఆరు గంటలు పాఠం చెప్పేవాడిని నేను! అసలు కారణం వేరు. ఆ పల్లెలో కూర్చొని వాళ్ళింటి నీళ్ళు తాగాలి. మా బంధువులు ఏమంటారో అని జంకాను. మూడేండ్లు అక్కడ ఎవరూ పోలేదు. ఆ మూడేండ్లలో ఏడు కుటుంబాలు జపానికి రావడం మానేశాయి. కొందరు వేరే సంఘాలకు పోయారు, కొందరు ఎక్కడికీ పోలేదు. తర్వాత నేను వెళ్ళాను. ఒక ఇంట్లో పెద్దామె లోటాతో నీళ్ళు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా కింద పెట్టి, "తాగుతావా సారూ?" అని అడిగింది. తాగాను. ఆ ఏడింటిలో రెండు కుటుంబాలు తిరిగి వచ్చాయి.

వరం లేదన్న ఆ మాటను గూర్చి చాలా ఆలోచించాను. పునీత పౌలుగారు కొరింతీయులకూ రోమీయులకూ వ్రాసిన లేఖలలో వరాలను వరుసగా చెప్పారు. భాషలూ స్వస్థతలూ ప్రవచనమూ ఉన్నమాట నిజమే. కాని వాటి పక్కనే బోధించడం, సేవచేయడం, ఆదరించి ధైర్యం చెప్పడం, ఉన్నదాన్ని పంచడం, కరుణ చూపడం కూడ ఉన్నాయి. 1967లో అమెరికాలో పుట్టి 1970లలో మన దేశానికి చేరిన కెరిస్మాటిక్ ఉద్యమం వలన ఎందరో ప్రార్థనకు మళ్ళారు. ఆ మేలును నేను కళ్ళారా చూశాను. కాని దానితోపాటు, వరమంటే వేదిక మీద కనిపించేదే నన్న అపోహ కూడ మనలో పెరిగింది. ప్రిస్కా, అక్విలా అనే దంపతులు గుడారాలు కుట్టుకొని బ్రతికేవారు. మన ప్రొద్దుటూరు మగ్గాలవాళ్ళ వంటి చేతిపనివారు. వారు అపొల్లో వంటి పండితుడిని ఇంటికి పిలిచి దగ్గర కూర్చోబెట్టుకొని సరిదిద్దారు. పౌలుగారు రోమీయుల లేఖ చివర వారి పేర్లు, ఇంకా ఇరవై మందికి పైగా పేర్లు వ్రాశారు. ఉపదేశి పేరు విడిచిపెట్టని ఉత్తరం అది.

రెండవ వాటికన్ మహాసభ 1964లో ఈ వరాలు విశ్వాసులందరికీ చెందినవని స్పష్టం చేసింది. 1965 నవంబరు 18న గృహస్థుల ప్రేషిత సేవను గూర్చి ప్రత్యేకంగా ఒక శాసనమే ఇచ్చింది. 2021 మే 10న పోపు ఫ్రాన్సిస్ ఉపదేశి సేవను శ్రీసభలో ఒక నియమిత పరిచర్యగా స్థాపించారు. మన పల్లెల్లో మూడువందల ఏండ్లుగా జరుగుతున్న పనికి చివరకు పీటవేశారు.

ఉద్యోగ విరమణ తర్వాత మా విచారణ పాత జ్ఞానస్నాన పుస్తకాన్ని అనుమతితో తిరగేశాను. గురువు గడిలో గురువుల పేర్లున్నవి. మా ఉపదేశి పేరు ఆ గడిలో లేదు గాని, జ్ఞానపిత గడిలో నలభై ఒక్క చోట్ల కనిపించింది. జ్ఞానతండ్రిగా నిలబడడానికి వేరెవరూ దొరకని బిడ్డలు కాబోలు. నా బాప్తిస్మపు వరుసలోనూ ఆయన పేరే ఉంది. మా ఇంట్లో ఎవరూ ఆ సంగతి నాకు చెప్పలేదు.

అప్పటినుండి ఒక నోటుపుస్తకం పెట్టుకొని మూడు తాలూకాల ఉపదేశుల పేర్లు అడిగి వ్రాసుకొంటున్నాను. ఇప్పటికి ముప్పైనాలుగు పేర్లు చేరాయి. వారి కుటుంబాలను అడగకుండా వాటిని ఇక్కడ అచ్చువేయడం లేదు. అందులో స్త్రీలు తొమ్మిదిమంది. వారిలో అయిదుగురు ఫలానా వారి తల్లి అనే తప్ప సొంత పేరుతో ఎవరికీ గుర్తులేరు. పులివెందుల వైపు చీనీతోటల పల్లెల్లో ఇంకా సగం ఊళ్ళు తిరగవలసి ఉంది. ఈ సంచిక చదివేవారి ఇండ్లలో ఎనభై దాటిన పెద్దలుంటే ఈ వారంలోనే అడిగి, విచారణ కార్యాలయంలో పేరు, ఊరు వ్రాసి ఇవ్వండి. తప్పో ఒప్పో తర్వాత చూసుకొందాము.