ఊరు దాటితేనే ఇంటిపేరు

కందుకూరి అనగానే వీరేశలింగం (1848–1919), ఆయన నవల 'రాజశేఖర చరిత్రము' గుర్తుకొస్తాయి. దాదాపు మూడు వందల ఏళ్ల ముందే మరో కందుకూరి ఉన్నాడు, రుద్రకవి. మనకు దొరికిన తొలి యక్షగానంగా చెప్పే 'సుగ్రీవ విజయం' ఆయనదే. ఒకరు నవలాకారుడు, ఒకరు ఆటకూ పాటకూ రాసినవాడు. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. వీరేశలింగం నియోగి, రుద్రకవి విశ్వబ్రాహ్మణుడని సాహిత్య చరిత్రకారుల మాట. ఇద్దరినీ కలిపింది కులమూ కాదు, రక్తమూ కాదు, కందుకూరు అనే ఊరు. మన ఇంటిపేర్లలో చాలావాటిని వంశవృక్షంలా కాక వలస గుర్తుల్లా చదవాలనడానికి ఈ జంటే సాక్ష్యం. శంకర్‌పల్లి దగ్గరి జన్వాడనే తీసుకోండి. ఆ ఊళ్లో ఉన్నవాణ్ని 'జన్వాడ ఆయన' అని పిలిస్తే ఎవరని తెలుస్తుంది? ఊరంతా జన్వాడవాళ్లే. అదే మనిషి చేవెళ్లలో కాపురం పెడితే ఆ మాట అతని ఒక్కడికే అతుకుతుంది. రెండు తరాలు గడిస్తే అది ఇంటిపేరే.

రుద్రకవి కొలిచింది కందుకూరు జనార్దనుణ్నే కదా, ఊరు వదలనివాడికి ఊరిపేరెందుకని అడగవచ్చు. కానీ ఆయన పేరు గోలకొండ దాకా నడిచింది. ఇబ్రహీం కుతుబ్‌షా చింతలపాలెం అగ్రహారమిచ్చాడంటారు. కొలువులో కవి ఎక్కడివాడో చెప్పాలి. రుద్రకవికి కందుకూరు చిరునామా. పూర్వీకులు అక్కణ్నుంచి రాజమహేంద్రవరం చేరిన వీరేశలింగానికి అది జ్ఞాపకం. ఒకే ఇంటిపేరుంటే పెళ్లి చేసుకోరుగా అన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. నిజమే, అయితే ఆ లెక్క ఒక కులం లోపలిది, దానికి తోడు గోత్రమూ చూస్తారు. కులం మారితే ఇంటిపేరు సాక్ష్యం చెల్లదు. దాశరథి కృష్ణమాచార్యులు, 'చిల్లర దేవుళ్లు' నవల రాసిన రంగాచార్య అన్నదమ్ములని తేలేది కూడా తల్లిదండ్రులను బట్టే. జర్మన్ భాషలోనూ అంతే: హైన్రిక్ మాన్, థామస్ మాన్ తోడబుట్టినవాళ్లు; స్టెఫాన్ త్స్వైగ్, ఆర్నాల్డ్ త్స్వైగ్ ఏమీ కారు.

అన్నట్టు, జన్వాడ, చేవెళ్ల ఉన్న, 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. మొయినాబాద్ పక్కనున్న పెద్దమంగళారం ఆయన ఊరు. జిల్లా పేరులో మాత్రం 'కొండా' మిగల్లేదు.