కర్నూలు రాజధానిలో అంబాసిడర్ ఉండేదా?

పాత అంబాసిడర్‌ని రెడీ చేసి, బానెట్ మీద జెండా రాడ్ బిగించి, "కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి మంత్రి కారు" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మేయొద్దు. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్నది 1953 అక్టోబర్ 1 నుంచి 1956 అక్టోబర్ చివరి దాకా. అంబాసిడర్ వచ్చింది 1957లో! అంతకుముందు హిందుస్థాన్ మోటార్స్ అమ్మింది ల్యాండ్‌మాస్టర్.

పాత కారుకి ఏం బిగించాలన్నా ఇదే టెస్ట్: ఆ కాలంలో అది ఉండేదా? 1960ల నాటి మార్క్ 2కి పైన క్యారియర్, కిటికీలకు కర్టెన్లు ఓకే. కడప ఎండకి డాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాన్ కూడా ఓకే. 1990లలో వచ్చిన ఇసుజు ఇంజిన్, ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లు మాత్రం సెట్ కావు.

ఇది షో కోసమే కాదు. 2021 కేంద్ర రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకి వింటేజ్ రిజిస్ట్రేషన్, 'వీఏ' నంబర్ ఇస్తారు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉండాలి. మైలేజీ కోసం ఇంజిన్ మార్చేస్తే ఆ ఛాన్స్ పోయినట్టే. అందుకే బోల్టు విప్పితే పాత రూపం వచ్చేసే మార్పులే చేయించండి. తీసిన పార్టుని పాత సామాన్లకి వేయకండి, దాచిపెట్టండి.