పొగ మానాలనుకున్నాడు.. తెల్లవారేసరికి లేడు

2007 సెప్టెంబర్ 3, సోమవారం. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ. అమెరికాలోని డాలస్ నగరంలో ఓ ఇంటి వెనక తలుపు దబదబా మోగింది. లోపల భార్యాభర్తలు నిద్రలో ఉన్నారు. బయట ఎవరో తలుపు ఊడిపోయేలా బాదుతున్నారు, అరుస్తున్నారు. ఇంటాయన ఉలిక్కిపడి లేచాడు. వెళ్లిపొమ్మని లోపలి నుంచే కేకేశాడు. బాదుడు ఆగలేదు. దొంగే అనుకున్నాడు. తుపాకీ అందుకుని తలుపు పైభాగం మీదకు పేల్చాడు.

అవతల నిలబడ్డ మనిషి పొడగరి. తూటా తలుపును చీల్చుకుని వెళ్లి అతని తలలో దిగింది.

చనిపోయింది దొంగ కాదు. కార్టర్ ఆల్‌బ్రెక్ట్ అనే సంగీతకారుడు. వయసు 34 ఏళ్లు. పియానో, గిటార్ రెండింటిలోనూ చెయ్యి తిరిగినవాడు. ‘ఈడీ బ్రికెల్ అండ్ న్యూ బొహీమియన్స్’ బృందంలో వాయించేవాడు, ‘సోర్టా’ అనే మరో బృందంలోనూ ఉన్నాడు. డాలస్ సంగీత లోకంలో అతన్ని తెలియనివారు తక్కువ. తెలిసినవారంతా మెత్తని మనిషి అనే చెప్పారు. అతను ప్రేమించిన అమ్మాయి ఇల్లు, తూటా పేలిన ఇల్లు పక్కపక్కనే.

ఆ రాత్రి ఏం జరిగిందో ఆ అమ్మాయి తర్వాత పత్రికలకు, టీవీలకు చెప్పింది. ఇద్దరూ బాగానే ఉన్నారు. అతను మద్యం తీసుకున్నాడు. ఉన్నట్టుండి మాట తేడా వచ్చింది. పొంతన లేకుండా ఏదేదో మాట్లాడాడు. అంతలోనే ఆమెపై చెయ్యి చేసుకున్నాడు. ఎన్నడూ తనను పల్లెత్తు మాట అనని మనిషి ఎదురుగా నిలబడి కొడుతుంటే ఆమెకు ముందు నమ్మబుద్ధి కాలేదు. ఎదుట ఉన్నది కార్టరే, కానీ ఆ కళ్లలో తనను గుర్తుపట్టిన జాడ లేదు. ఎలాగో అతన్ని బయటే ఉంచి తలుపు వేసుకుంది. చీకట్లో దిక్కు తెలియని ఆ మనిషి పక్కింటి వెనక తలుపు దగ్గరకు చేరాడు. తర్వాత కొద్దిసేపటికే తుపాకీ మోత.

టెక్సస్ రాష్ట్రంలో ఇంట్లోకి చొరబడేవారిపై ఆయుధం వాడే హక్కును మరింత విస్తరించిన చట్టం సెప్టెంబర్ 1నే అమల్లోకి వచ్చింది. అంటే అది మూడో రోజు. కాల్చిన ఇంటాయన్ను పోలీసులు అరెస్టు చేయలేదు. శవపరీక్షలో కార్టర్ రక్తంలో మద్యం మోతాదుకు చాలా మించి ఉందని తేలింది. తాగిన మైకంలో గొడవ, పొరపాటున కాల్పులు అని ఇక్కడితో ఫైలు మూసేయొచ్చు. కానీ ఆ అమ్మాయి ఊరుకోలేదు. అతను అంతకుముందూ తాగేవాడు, ఎప్పుడూ ఇలా చేయలేదు, ఈసారి కొత్తగా ఉన్నది ఒక్కటే అని చెప్పింది. సుమారు వారం ముందు నుంచి అతను సిగరెట్ మానడానికి డాక్టర్ రాసిన మాత్ర వేసుకుంటున్నాడు. ఆ మాత్ర పేరు చాంటిక్స్.

దీని అసలు పేరు వారెనిక్లిన్. ఫైజర్ కంపెనీ తయారుచేసిన మందు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006 మే నెలలో అనుమతిచ్చింది. మన దేశంతో సహా చాలాచోట్ల చాంపిక్స్ పేరుతో అమ్మారు. దీని మూలం ఒక మొక్కలో ఉంది. పసుపు పూలు గుత్తులుగా వేలాడే లబర్నమ్ చెట్టు గింజల్లో సైటిసిన్ అనే పదార్థం ఉంటుంది. దానితో బల్గేరియాలో 1960లలోనే టాబెక్స్ అనే మాత్ర చేసి, పొగతాగేవారికి ఇచ్చారు. ఫైజర్ రసాయన శాస్త్రవేత్తలు ఆ సైటిసిన్ నమూనాను పట్టుకుని, మార్చి, మెరుగుపరిచి వారెనిక్లిన్ తయారుచేశారు.

ఇది పనిచేసే తీరు తెలిస్తేగాని మిగతా కథ అర్థం కాదు. సిగరెట్ పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరి, అక్కడి గ్రాహకాలపై కూర్చుంటుంది. డోపమిన్ విడుదలవుతుంది, ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది. వారెనిక్లిన్ వెళ్లి సరిగ్గా ఆ గ్రాహకాలనే ఆక్రమిస్తుంది. బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, నికోటిన్ వచ్చేసరికి చోటు లేకుండా చేస్తుంది. పైగా తానే కొద్దిపాటి డోపమిన్‌ను విడుదల చేయిస్తుంది కాబట్టి, పొగ మానినవాడు మరీ అల్లాడిపోడు. అందుకే మొదటి వారం సిగరెట్ తాగుతూనే మాత్ర వేసుకోమంటారు. మూడు రోజులు రోజుకు అర మిల్లీగ్రాము, తర్వాత నాలుగు రోజులు రెండు పూటలా అర మిల్లీగ్రాము, ఎనిమిదో రోజు నుంచి రెండు పూటలా ఒక మిల్లీగ్రాము. సిగరెట్ మానేయాల్సింది కూడా ఆ ఎనిమిదో రోజే. మొత్తం పన్నెండు వారాలు. ఈలోగా వెలిగించిన సిగరెట్ గడ్డి కాల్చినట్టు ఉందని, సగంలోనే పారేశామని చెప్పేవాళ్లు ఎందరో.

ఇక రెండో వైపు. వాడిన ప్రతి పది మందిలో సుమారు ముగ్గురికి వికారం వస్తుంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే మరీ ఎక్కువ. తిన్న తర్వాత నిండు గ్లాసు నీళ్లతో వేసుకోమనడం అందుకే. తర్వాతివి కలలు. మామూలు కలలు కావు. రంగులు, వాసనలు, స్పర్శతో సహా వస్తాయి. లేచి కూర్చున్నాక కూడా జరిగింది కలా నిజమా అని కాసేపు తేలదు. కలలో సిగరెట్ వెలిగించి, మెలకువ వచ్చాక నిజంగానే తాగేశానేమోనని వేళ్లు వాసన చూసుకునేవారున్నారు. చాలామందికి ఇవి ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. సాయంత్రం మాత్రను కాస్త పెందలాడే వేసుకుంటే కొందరికి తగ్గుతాయి కూడా. కానీ కార్టర్ చావు తర్వాత ఒక్కొక్కరుగా చెప్పుకొచ్చిన అనుభవాలు ఇక్కడితో ఆగలేదు.

2008 ఫిబ్రవరిలో డెరెక్ ద కాఫ్ అనే రచయిత ‘న్యూయార్క్’ పత్రికలో తన అనుభవం రాశాడు. సిగరెట్ మానగలిగిన మాట నిజమే. ఆ తర్వాత మెల్లగా మనసు పట్టు తప్పింది, చచ్చిపోవాలనే ఆలోచనలు చుట్టుముట్టాయి. అతను మాత్ర మానేశాడు. ఎఫ్‌డీఏకు ఇలాంటి ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. అకారణంగా దిగులు, పట్టలేని కోపం, ఆత్మహత్యా యత్నాలు, ఆత్మహత్యలు. 2007 నవంబర్‌లోనే ఆ సంస్థ పరిశీలన మొదలుపెడుతూ ఇచ్చిన తొలి ప్రకటనలో, పేరు చెప్పకుండా, బాగా ప్రచారంలోకి వచ్చిన ఒక మరణాన్ని ప్రస్తావించింది. మద్యం వంటి ఇతర కారణాలు ఉన్నట్టు కనిపిస్తున్నా పరిశీలించాల్సిందేనంది. పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు ఈ మాత్ర వాడకూడదని 2008 మే నెలలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ నిషేధించింది. 2009 జులై 1న ఎఫ్‌డీఏ తన దగ్గరున్న అతి తీవ్రమైన హెచ్చరికను, అంటే నల్లగీతల పెట్టెలో అచ్చువేసే హెచ్చరికను, ఈ మందుకు తప్పనిసరి చేసింది. జైబాన్ పేరుతో 1997 నుంచి పొగ మాన్పించడానికి వాడుతున్న బుప్రోపియాన్‌కూ అదే హెచ్చరిక పెట్టింది. కోర్టుల్లో వేల కేసులు పడ్డాయి. వాటిలో అధికభాగాన్ని ఫైజర్ 2013 నాటికి కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది.

ఇక్కడే అసలు చిక్కు. పొగ మానేయడమే మనిషిని కుదిపేస్తుంది. ఏ మాత్రా వేసుకోకుండా మానినా సరే చిరాకు, నిద్రలేమి, దిగులు, కోపం వస్తాయి. ఇంట్లో పొగతాగేవారున్న ప్రతి కుటుంబానికీ ఇది తెలుసు. మానేసిన మొదటి వారం ఆయన జోలికి ఎవరూ వెళ్లరు. పైగా మానసిక సమస్యలున్నవారిలో పొగ అలవాటు మిగతావారి కంటే చాలా ఎక్కువ. అలాంటప్పుడు ఒక మనిషి కుంగిపోతే ఆ తప్పు మాత్రదా, మానిన సిగరెట్‌దా, ముందునుంచీ ఉన్న జబ్బుదా? వచ్చిన ఫిర్యాదులను లెక్కపెడితే ఇది తేలదు. ఒకే రకం మనుషులను గుంపులుగా విడదీసి, ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో వారికీ డాక్టర్లకూ తెలియనీయకుండా చూస్తేనే తేలుతుంది.

ఎఫ్‌డీఏ పట్టుబట్టి ఆ పని చేయించింది. ‘ఈగల్స్’ పేరుతో 16 దేశాల్లో 8,144 మంది పొగరాయుళ్లపై పరీక్ష జరిగింది. అందులో సగం మందికి పైగా మానసిక సమస్యలున్నవారే. కొందరికి వారెనిక్లిన్, కొందరికి బుప్రోపియాన్, కొందరికి నికోటిన్ పట్టీ, మిగిలినవారికి ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర. ఖర్చు భరించింది మందుల కంపెనీలే కాబట్టి అనుమానించేవారు అనుమానించారు. వారి అనుమానం న్యాయమైనదే. అయినా అంత పెద్ద పరీక్ష ఫలితాన్ని తోసిపుచ్చలేం. 2016లో ‘లాన్సెట్’ పత్రికలో అది అచ్చయింది. మానసిక సమస్యలు లేనివారిలో తీవ్రమైన మానసిక ఇబ్బందులు వారెనిక్లిన్ వాడిన వారిలో 1.3 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో 2.4 శాతం. ముందునుంచీ సమస్యలున్నవారిలో 6.5 శాతం, 4.9 శాతం. ఈ తేడా మందువల్లే వచ్చిందని చెప్పేంత పెద్దది కాదని తేల్చారు. తొమ్మిది నుంచి పన్నెండు వారాల మధ్య ఒక్క సిగరెట్ కూడా ముట్టకుండా నిలబడ్డవారు వారెనిక్లిన్‌తో 33.5 శాతం, బుప్రోపియాన్‌తో 22.6, పట్టీతో 23.4, ఉత్తుత్తి మాత్రతో 12.5. ఆ ఏడాది డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ నల్లపెట్టె హెచ్చరికను తీసేసింది.

మరి కార్టర్ సంగతి? ఆ అమ్మాయి చెప్పింది భ్రమేనా? నేను అలా అనుకోను. నల్లపెట్టె పోవడానికి సుమారు ఇరవై ఒక్క నెలల ముందు, 2015 మార్చిలో ఎఫ్‌డీఏ ఇంకో హెచ్చరిక ఇచ్చింది. పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఈ మాత్ర వాడేవారిలో కొందరికి మద్యం మామూలు కంటే ఎక్కువగా తలకెక్కుతోందని, కొందరు వింతగా, దౌర్జన్యంగా ప్రవర్తిస్తున్నారని, చేసింది తర్వాత గుర్తుండటం లేదని అందులో ఉంది. ఈ మాత్ర వేసుకుంటే మద్యం తమపై ఎలా పనిచేస్తుందో తెలిసేవరకు తాగడం తగ్గించమని రోగులకు చెప్పింది. అరుదుగా మూర్ఛ వచ్చే ప్రమాదాన్నీ అదే ప్రకటనలో చేర్చింది. ఈ వాక్యాలు చదువుతుంటే డాలస్‌లోని ఆ రాత్రి కళ్లకు కడుతుంది. అతని చావుకు ఇదే కారణమని ఏ లేబొరేటరీ రుజువు చేయలేదు, ఇక చేయజాలదు కూడా. కానీ 2007లో మాత్ర చేతికిచ్చినప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పగలిగినవారు ఎవరూ లేరు. తెలియడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ ఎనిమిదేళ్లలో రెండో నష్టమూ జరిగింది. నల్లపెట్టెను చూసి డాక్టర్లు రాయడానికి, రోగులు వేసుకోవడానికి జంకారు. మాత్రకు భయపడి సిగరెట్ దగ్గరే ఉండిపోయినవారికి సిగరెట్ తన పని తాను చేసుకుపోయింది. పొగాకు మన దేశంలోనే ఏటా 13 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తోంది. ఆ చావులకు తుపాకీ మోత లేదు కాబట్టి ఏ టీవీ రాదు. కార్టర్ కథ విని ఎవరైనా మాత్ర పారేసి మళ్లీ బీడీ కట్ట విప్పితే అంతకు మించిన అన్యాయం లేదు.

మన ఊళ్లలో నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. డాక్టర్ చీటీతోనే అమ్మాల్సిన మాత్రలు మందుల షాపులో పేరు చెబితే దొరికిపోవడం. ఈ మాత్ర అలా కొనేది కాదు. కిడ్నీ జబ్బు తీవ్రంగా ఉంటే మోతాదు తగ్గించాలి. మూర్ఛ ఉన్నవారు బుప్రోపియాన్ అసలు వాడకూడదు. గతంలో డిప్రెషన్ వచ్చినా, ఆత్మహత్య ఆలోచనలు వచ్చినా డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. తాగే అలవాటు గురించి కూడా అంతే. మన మగవాళ్లు డాక్టర్ ముందు దాచేది ముందుగా దీన్నే. సిగరెట్, మందు గ్లాసు పక్కపక్కనే ఉండే సాయంత్రాలు మనకు కొత్త కావు కదా.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మీ ఆయనో, అన్నయ్యో, కొడుకో పొగ మానడానికి మాత్ర మొదలుపెడితే, ఎన్ని సిగరెట్లు తాగాడో లెక్కపెట్టడం కంటే మనిషి ఎలా ఉన్నాడో చూడండి. ఎన్నడూ లేని కోపం, పొంతన లేని మాట, ముడుచుకుపోవడం కనిపిస్తే ‘పొగ మానాడుగా, అంతేలే’ అనుకోకండి. మాత్ర ఆపించి, అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆ మార్పు ముందుగా కనిపించేది అతనికి కాదు, మీకే.

మానాలనుకుంటూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి జాతీయ క్విట్‌లైన్ నంబరు ఉంది: 1800-11-2356. కాల్ ఉచితం. తెలుగులోనూ మాట్లాడతారు. సిగరెట్ పెట్టె మీదే అచ్చు వేసి ఉంటుంది. ఈసారి పెట్టె చేతికి తీసుకున్నప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేయండి.