పెద్ద ట్రాలర్ల కథలో కలాసీలెక్కడ?

విశాఖ చేపల రేవు (హార్బర్) ఆధునికీకరణ మాట వచ్చినప్పుడల్లా మన పేటలో పాత వాదం ఒకటి మళ్లీ లేస్తుంది. 'కంపెనీల ట్రాలర్లున్న రోజుల్లో వందల మందికి నెల జీతాలుండేవి, మత్స్యకారుల ఆందోళనతో అన్నీ పోయాయి' అని ఒకరంటారు. 'అవును, మేమే తరిమేశాం' అని ఇంకొకరు రొమ్ము విరుచుకుంటారు. ఊరి చరిత్ర అంటూ రాసినవాళ్లు కూడా ఈ రెంటిలో ఏదో ఒకటి పట్టుకుని సరిపెట్టేశారు. రెండూ తప్పే. తేదీలు ఒక వరసలో పెట్టుకుని చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

1970ల్లో ఇక్కడికి చేరినవి మెక్సికో తరహా రొయ్యల ట్రాలర్లు. రెండు పక్కలా పొడవాటి ఇనుప కడ్డీలు చాపి రెండు వలలు ఒకేసారి లాగేవి. భోపాల్ పేరు లోకానికి తెలియకముందే యూనియన్ కార్బైడ్ ఇక్కడ రొయ్యల వేటలోకి దిగింది. హుగ్లీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న శాండ్‌హెడ్స్ దాకా పోయి టైగర్ రొయ్య పట్టుకొచ్చేవారు. 1990ల తొలినాళ్లకు విశాఖలో ఇలాంటివి 180 దరిదాపులకు చేరాయి. అప్పట్లో దేశంలో ఇలాంటి పెద్ద రొయ్యల ట్రాలర్లకు ఇంత పెద్ద స్థావరం ఇంకెక్కడా లేదు. ఉక్కు నగరమని చెప్పుకునేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పుకోవాలి.

ఇక ఆందోళన సంగతి. 1991లో కేంద్రం కొత్త విధానం తెచ్చి, విదేశీ ఓడలు ఉమ్మడి భాగస్వామ్యం పేరుతో మన సముద్రంలోకి రావడానికి దారి తెరిచింది. దాని మీదే 1994లో దేశమంతా మత్స్యకారులు సమ్మె కట్టారు. మత్స్యకార నాయకుడు థామస్ కొచ్చేరి లాంటివాళ్లు ముందు నిలిచారు. 1995లో మురారి కమిటీ వేశారు. విదేశీ ఓడలకిచ్చిన లైసెన్సులు రద్దు చేయాలని, కొత్తవి ఇవ్వొద్దని 1996లో కమిటీ సిఫార్సు చేసింది. ఆ గెలుపు మనదే, అందులో అనుమానం లేదు. కానీ ఆ పోరు విదేశీ లైసెన్సుల మీద. మన జట్టీలో కట్టి ఉన్న ట్రాలర్లకు రోగం అంతకు చాలా ముందే పట్టింది.

ట్రాలర్లు కొనడానికి అప్పులిచ్చింది కేంద్రానికి చెందిన షిప్పింగ్ డెవలప్‌మెంట్ ఫండ్ కమిటీ. 1986లో చట్టం చేసి ఆ కమిటీనే ఎత్తేశారు. దాని బాకీలు ఎస్‌సీఐసీఐ అనే కొత్త సంస్థ చేతికి వచ్చాయి. కంపెనీలు వాయిదాలు కట్టలేకపోవడం అప్పటికే ఉంది. అందరూ పోయేది ఆ ఒక్క టైగర్ రొయ్య కోసమే, శాండ్‌హెడ్స్ లాంటి ఆ కొద్దిపాటి మేరకే. డీజిల్ ధర పెరిగింది. ఆపైన కోస్తా జిల్లాల చెరువుల్లో టైగర్ రొయ్య పెంపకం మొదలై ఎగుమతి బజారుకు పోటీగా నిలబడింది. 1994 సమ్మె నాటికే మునుగుతున్న ఓడల్ని సమ్మె ముంచిందని రాయడం ఎలా కుదురుతుంది?

సర్కారు చేసిందేమిటంటే వడ్డీలు, వాయిదాలు సర్దడం. మాట్లాడినదంతా అప్పిచ్చినవాళ్లతోను, అప్పు తీసుకున్నవాళ్లతోను. ఓడ ఎక్కినవాడితో మాట్లాడింది లేదు. శాండ్‌హెడ్స్‌లో అడుగు ఎక్కడ బురద, ఎక్కడ వల చిరుగుతుందో చీకట్లో కూడా చెప్పగలిగిన సరంగులు, అంటే ఓడ నడిపేవాళ్లు, ట్రాలర్లు ఆగిపోయాక సోనా బోట్లు అనే చిన్న మర బోట్లెక్కి వాటా మీద పనికి కుదురుకున్నారు. నా అసలు ఫిర్యాదు ఇదే. ట్రాలర్ల మీద రాసినవాళ్లు టన్నులు, డాలర్లు, బాకీలు లెక్కపెట్టారు. దిగిపోయిన మనుషుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

జీతానికీ వాటాకీ తేడా ఎంతో మన పేట పిల్లలకు కూడా తెలుసు. బోటు వేట నుంచి వచ్చాక, వేలం పాటలో పలికిన డబ్బులోంచి ముందు డీజిల్, ఐసు, రేషన్ ఖర్చు తీసేస్తారు. ఓనరు వాటా పోగా మిగిలింది సరంగు, డ్రైవరు, బోటు మీద వల పని చేసే కలాసీలు పంచుకుంటారు. సరుకు పడకపోతే పంచుకోవడానికి ఏమీ ఉండదు. పైగా కలాసీకి గేటు పాసు లేదు, హాజరు పట్టీ లేదు. పని పోయిందని చూపించడానికి కాగితం ముక్కయినా ఉండదు.

దీన్ని ఉక్కు కార్మికుల సంగతితో పోల్చి చూడండి. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అక్కడా కాంట్రాక్టు కార్మికులు రోడ్డున పడ్డారు, వాళ్ల గోడు నాకు పరాయిది కాదు. అయినా వాళ్లకు గేటుంది, యూనియన్ ఉంది, ఊరంతా గుర్తుపట్టే నినాదముంది. మన హార్బర్‌లో 2023 నవంబరు 19 రాత్రి జీరో నంబరు జట్టీ దగ్గర మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోయినప్పుడు ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. వేగంగానే కదిలారు, మెచ్చుకోవాలి. కానీ లెక్క అక్కడా బోటుతోనే మొదలైంది. కలాసీకి ఏది అందినా అది దయ కింద అందింది, హక్కు కింద కాదు.

కలాసీల్ని లెక్కపెట్టడం సాధ్యం కాదంటారా? ఏటా ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే మత్స్యశాఖ వాళ్లు జట్టీ మీదికొచ్చి బోటు బోటుకూ కలాసీల పేర్లు రాసుకుంటారు. ఆ 61 రోజులకు ఇచ్చే భృతి 2019లో 10 వేలయింది, 2025లో 20 వేలకు పెరిగింది. అంటే జాబితా ఉంది. పేర్లూ ఉన్నాయి. బోటు కాలినా, తుపానుకు విరిగినా, కంపెనీ మూతపడినా ఆ జాబితానే తీసి నష్టం కట్టొచ్చు. సుమారు 150 కోట్లతో మన హార్బర్ ఆధునికీకరణకు 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. రోజుకు 150 టన్నుల సామర్థ్యం 300 టన్నులవుతుందట. ఆ కాగితాల్లో టన్నుల పక్కన కలాసీల పట్టిక కూడా చేర్చమని అడగాల్సింది మనమే.

పెద్ద ట్రాలర్ల మీద పనిచేసినవాళ్లు మన వీధుల్లో ఇంకా ఉన్నారు. జీతం చీటీలు, పాత గుర్తింపు కార్డులు, ఓడలో తీయించుకున్న ఫొటోలు ఇంట్లో ఉంటే పారేయకండి. వాళ్ల మనవలు పక్కన కూర్చుని ఏ ఓడ ఎక్కారో, ఏ ఏడాది దిగారో, దిగేటప్పుడు చేతిలో ఏం పెట్టారో అడిగి రాయాలి. ఈ చరిత్రలో ఇప్పటిదాకా లేనిది ఆ పుటలే.