నాలుక క్యాన్సర్ ముదిరితే కీమో, రేడియేషన్ కలిపి ఎందుకిస్తారు?

నాలుక పక్కన పుండు మూడు వారాలైనా మానకపోతే దాన్ని వేడి పుండనో, పన్ను గీరుకుందనో వదిలేయకూడదు. గుట్కా, జర్దా, వక్కాకు అలవాటున్న ఇళ్లలో ఈ మాట పదేపదే చెప్పుకోవాలి. మన నల్లమాడ, కదిరి, హిందూపురం వైపు నుంచి పెద్దాసుపత్రికి వెళ్లేవాళ్లలో చాలామంది మెడలో గడ్డ కనిపించాకే బయల్దేరుతారు. అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది.

నాలుకలో మనకు కనిపించే ముందు భాగానికి క్యాన్సర్ వస్తే సాధారణంగా మొదట ఆపరేషన్ చేస్తారు. నాలుకలో కొంత భాగం, మెడలోని లింఫ్ గడ్డలు తీస్తారు. తీసిన ముక్కను పరీక్షించినప్పుడు అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలి ఉన్నా, లింఫ్ గడ్డ పైపొర దాటి జబ్బు బయటికి వచ్చినా ఒక్క రేడియేషన్ చాలదు, దాంతో పాటే కీమో కూడా ఇస్తారు. యూరప్, అమెరికాల్లో జరిగిన రెండు పెద్ద పరిశోధనలు 2004లో ఈ పద్ధతికి దారి చూపాయి. నాలుక మొదలు, అంటే గొంతు వైపు భాగం, సంగతి వేరు. అక్కడ చాలాసార్లు ఆపరేషన్ లేకుండానే ఈ రెండూ కలిపి మొదలుపెడతారు.

రెండూ ఒకేసారి ఎందుకు? మన పెద్దలు 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్ క్యాన్సర్ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బను కణం బాగు చేసుకోకుండా సిస్ప్లాటిన్ అనే మందు అడ్డుపడుతుంది. అంటే ఇక్కడ కీమో ముఖ్యమైన పని రేడియేషన్‌కు బలం ఇవ్వడం.

రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఉంటుంది. సిస్ప్లాటిన్ మూడు వారాలకోసారి పెద్ద మోతాదులోనో, వారం వారం చిన్న మోతాదులోనో ఇస్తారు. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 300 మందిపై చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, రెండేళ్లకు జబ్బు నోరు, మెడల్లో తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మూడు వారాల పద్ధతిలో 73 శాతం, వారం వారం 30 మిల్లీగ్రాముల పద్ధతిలో 58.5 శాతం. కానీ పెద్ద మోతాదుకు బాధలూ ఎక్కువే. వారానికి 40 మిల్లీగ్రాములు ఇస్తే ఆపరేషన్ అయినవాళ్లకు ఫలితం తగ్గలేదని తర్వాత జపాన్ డాక్టర్లు చూపించారు. కిడ్నీలు, వినికిడి సరిగా లేనివాళ్లకు సిస్ప్లాటిన్ పడదు. అలాంటివాళ్లకు డోసిటాక్సెల్ వాడి చూసిన టాటా పరిశోధన 2023లో వచ్చింది. రెండేళ్లు బతికినవాళ్లు రేడియేషన్ ఒక్కటే ఇస్తే 41.7 శాతం, డోసిటాక్సెల్ కలిపితే 50.8 శాతం. కాబట్టి కిడ్నీ వీక్ అన్నారని ఆశ వదులుకోనక్కర్లేదు. డాక్టర్‌ను అడగండి.

అసలు కష్టం రెండో, మూడో వారం నుంచి. నోరంతా పూస్తుంది, రుచి పోతుంది, ఉమ్మి ఎండిపోతుంది, మింగలేరు. ఇక్కడే చాలామంది మధ్యలో మానేసి ఇంటికొచ్చేస్తారు. ఇది చాలా పెద్ద నష్టం, ఎందుకంటే మధ్యలో గ్యాప్ ఇస్తే క్యాన్సర్ కణాలు మళ్లీ పెరగడానికి అవకాశం దొరుకుతుంది. ముక్కు గొట్టం పెడతామంటే భయపడొద్దు, అది కొన్నాళ్లకే. పల్చటి రాగి జావ, పాలు, గుడ్డు కలిపిన గంజి అందులో పంపొచ్చు. కారం, గుట్కా, సిగరెట్ పూర్తిగా బంద్. పాడైన పళ్లు రేడియేషన్‌కు ముందే తీయించాలి, తర్వాత తీస్తే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదముంది.

సిస్ప్లాటిన్ వేసే రోజుల్లో నీళ్లు బాగా పోవాలి, లేకుంటే కిడ్నీకి ముప్పు. రంజాన్ మధ్యలో వస్తే రోజా సంగతి డాక్టర్‌కు చెప్పండి. రోగికి ఖురాన్‌లోనే (అల్ బఖరా 184, 185) సడలింపు ఉంది, ఇంట్లోవాళ్లు బలవంతపెట్టకూడదు.

రోజూ ఊరి నుంచి వెళ్లి రావడం కుదరదు. బెంగళూరు కిద్వాయ్ అయినా, తిరుపతి స్విమ్స్ అయినా రెండు నెలలు ఉండటానికి గది, తోడు మనిషి ముందే చూసుకోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆసుపత్రిలో ఎంత వర్తిస్తుందో బయల్దేరకముందే ఆరోగ్యమిత్రను అడగండి. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి కాబట్టి కాగితాల పని వాయిదా వేయొద్దు. కీమో తర్వాత 100.4 డిగ్రీలు దాటి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి.